స్పాంజికి పూసిన వేరుశనగ నూనె

మీ బండి ఎయిర్ ఫిల్టర్ డబ్బాను మీ చేతులతో మీరు చివరిసారి ఎప్పుడు విప్పి చూశారు? మెకానిక్ విప్పిన సంగతి అడగడం లేదు. మీరెప్పుడు విప్పారు, లోపల ఏం చూశారు? చూడకుండానే ఆ బండి గురించీ, దాన్ని నడిపే మనిషి గురించీ మాట్లాడేస్తున్నారా? నేను మాట్లాడాను. అంతటితో ఆగలేదు. రాశాను, అచ్చు వేయించాను, నిండిన గదిలో నిలబడి చదివి చప్పట్లు కొట్టించుకున్నాను. ఒక రైతు తన బండి పెట్రోల్లో ఆయిల్ కలిపాడా లేదా అన్నది అప్పటి ప్రశ్న. కలపలేదని నేను తేల్చేశాను. ఆయన కలిపాడు. అది తెలుసుకోవడానికి నాకు ఆరేళ్ళు పట్టింది. ఆ ఆరేళ్ళూ ఆయన ఊళ్ళో అబద్ధాలకోరుగా, ఒళ్ళు మరిచినవాడిగా బతికాడు. అందుకు కారణం నేను.

తొంభైల చివర్లో నేను కుందుర్పి దగ్గర ఒక పల్లెలో హైస్కూలు సైన్సు టీచర్ని. అనంతపురం టౌన్లో చర్చావేదికల మధ్య పెరిగినవాణ్ణి. దేవుడు, దయ్యం, జాతకం, దిష్టి, దేని మీదైనా సరే, పది నిమిషాలు నాకిస్తే ఎదుటివాడు నీళ్ళు నమలవలసిందే. ఆ గర్వంతోనే పల్లెలో దిగాను. పల్లె నాతో వాదించలేదు. అదే నాకు తగిలిన మొదటి దెబ్బ. జాతరకు చందా ఇవ్వనన్నాను, సరే అన్నారు. వ్రతం ప్రసాదం తిననన్నాను, సరే అన్నారు. ఆ తర్వాత పిలవడం మానేశారు. 'దేవుడు లేని అయ్యోరు' అని పేరు పెట్టారు. దారిలో ఎదురైతే దండం పెట్టేవాళ్ళు, అరుగు మీద కూర్చోమనేవాళ్ళు కాదు. బడి ఉన్న ఆరు రోజులూ ఎలాగో గడిచేవి. ఆదివారం మాత్రం నా అద్దెగదిలో ఉదయం ఎనిమిదికే పనులన్నీ అయిపోయి, ఇక పొద్దు కదిలేది కాదు.

ఆ ఆదివారాల కోసమే బండి కొన్నాను. కళ్యాణదుర్గంలో ఒక పాలవ్యాపారి పదిహేనేళ్ళు క్యాన్లు మోయించి వదిలేసిన నూట డెబ్బై అయిదు సీసీ టూ స్ట్రోక్ బండి. బస్సు పోని పల్లెలకు పోయి సైన్సు ఉపన్యాసాలు ఇవ్వాలని నా ఆలోచన. బాబాలు గాల్లోంచి విబూది ఎలా తీస్తారో, నిప్పులు ఎలా నములుతారో చేసి చూపించేవాణ్ణి. మొదటి ఉపన్యాసం పొరుగూరి రచ్చకట్ట దగ్గర. వెలిగించిన కర్పూరం నాలుక మీద పెట్టుకుని, నోరు మూసి, జనం అబ్బురపడుతుంటే ఆ రహస్యాన్ని విడమరచడానికి గొంతు సవరించుకున్నాను. అంతలో వెనక వరసలోంచి ఒకాయన లేచాడు.

"నోరు మూస్తే గాలి అందదు, ఆరిపోతాది. నాలిక మీద తడి ఉంటాది, కాలదు. ఇందులో చెప్పేదానికి ఇంకేముండాది సారూ?"

జనం నవ్వారు. నా పావుగంట ఉపన్యాసాన్ని రెండు ముక్కల్లో చెప్పేసిన ఆ మనిషి వేరుశనగ రైతు. ఇంటర్ దాకా చదివాడు. నాకన్నా నాలుగైదేళ్ళు చిన్న. కార్యక్రమం అయ్యాక నా బండి చుట్టూ తిరిగి, స్పోకులు వేలితో మీటి, మూడు వదులుగా ఉన్నాయన్నాడు. ఆయనకూ పాతబండి ఉంది. రెండు వందల యాభై సీసీ, రెండు సైలెన్సర్లు, కిక్కు కొట్టే రాడ్డునే లోపలికి మడిస్తే గేరు రాడ్డుగా మారే రకం. వాళ్ళ మేనమామ వాడి పక్కన పడేసింది. ఆ రోజు నుంచి 'సారూ' పోయి 'అన్నా' వచ్చింది. ఆ ప్రాంతంలో నన్ను అన్నా అని పిలిచిన మనిషి ఆయన ఒక్కడే.

ఆ బండ్లు కొండబాటలకు పుట్టినవి కావు. మేమే వాటిని అలా చేశాం. కుందుర్పి చుట్టూ బాటలంటే ఎర్ర గరుసు మట్టి, మోకాలెత్తు బండరాళ్ళు, వాన పడితే వంకలు. కళ్యాణదుర్గంలో ఒక ముసలి మెకానిక్ భాయి ఉండేవాడు. ఆయన షెడ్డులో నెలల తరబడి పని చేయించాం. రాళ్ళకు తగిలి నొక్కుకుపోతున్న సైలెన్సర్లను నడుమెత్తుకు వంచి, కాలు కాలకుండా రేకు బిగించాం. రెండు బండ్లకూ మట్టిలో పట్టు దొరికే గుబ్బల టైర్లు, బటన్ టైర్లంటారు, వేశాం. ముందు మడ్‌గార్డును జానెడు పైకెత్తాం, లేకపోతే తడి మట్టి ఇరుక్కుని చక్రం తిరగదు. వెనక పళ్ళచక్రం పెద్దది వేశాం, ఎత్తు ఎక్కడానికి.

ఇక ఏ బండి మేలు అన్నది మా ఇద్దరి మధ్య తెగని చర్చ. కుందుర్పి కొండ వెనక వైపు ఒక పాత ఎద్దులబండ్ల బాట ఉంది. ప్రతి ఆదివారం ఉదయం అదే బాట, అవే రెండు బండ్లు. నేను నోట్‌బుక్‌లో నిలువుగా గీత గీసి ఎడమవైపు నా బండి, కుడివైపు ఆయన బండి రాసేవాణ్ణి. ఎన్ని కిక్కులకు స్టార్టయింది, పైకి పోయేలోగా కాలు ఎన్నిసార్లు కింద పెట్టాం, పైన దిగాక ప్లగ్గు ఏ రంగులో ఉంది, సిలిండర్ రెక్కల మీద నీటిచుక్క వేస్తే ఎంతసేపట్లో ఆవిరైంది. నాది తేలిక. నెమ్మదిగా, ఆగకుండా, చిన్న సందుల్లోంచి దూరిపోయేది. ఆయనది బరువు. తిన్నని ఎత్తు దొరికితే మాత్రం నన్ను దుమ్ములో వదిలి పోయేది. "నీది మేక అన్నా, నాది దున్నపోతు. రెండిటికీ పందెమేంది?" అనేవాడు. అయినా నోట్‌బుక్‌లో తన వరస రాశానో లేదో వంగి చూసుకునేవాడు.

బరువు తగ్గించుకోవడానికి సామాను పంచుకున్నాం. పానాలు, ప్లగ్గులు, క్లచ్ వైరు నా సంచిలో. గాలి పంపు, ట్యూబు ప్యాచీలు ఆయన సంచిలో. ఒకరు లేకుండా ఇంకొకరు కొండెక్కే మాట లేదు గనక ఆ లెక్క సరిపోయింది.

ఆయిల్ కొలత కూడా ఉమ్మడిదే. ఆ బండ్లకు పెట్రోల్లోనే ఆయిల్ కలిపి పోయాలి. అది లేకపోతే పిస్టన్‌కు తడి అందదు, ఇంజను పట్టేస్తుంది. ఖాళీ దగ్గుమందు సీసాలు రెండు తెచ్చి, లీటరు పెట్రోలుకు ఎంత పోయాలో కొలిచి, బ్లేడుతో గాజు మీద గీత గీశాను. ఒక సీసా నాకు, ఒకటి ఆయనకు. దుమ్ము సంగతి వచ్చేసరికి నాకు ఇంకా తెలివి పుట్టింది. కంపెనీ ఇచ్చిన కాగితపు ఫిల్టరు మా దుమ్ముకు వారం ఆగేది కాదు. దాని బదులు స్పాంజి కత్తిరించి పెట్టి, ఇంజనాయిల్‌తో తడపమన్నాడు మెకానిక్ భాయి. జిడ్డుకు దుమ్ము అంటుకుంటుంది, ఇంజనులోకి శుభ్రమైన గాలి పోతుంది. జిడ్డే కావలసినప్పుడు ఇంజనాయిల్ కోసం టౌనుకు పోవడం ఎందుకు, ఇంటింటా ఉన్న వేరుశనగ నూనె చాలదా అన్నాను నేను. ఊరికే అనలేదు, ప్రయోగం చేశాను. రెండు గుడ్డముక్కలు, ఒకటి ఇంజనాయిల్‌లో, ఒకటి వేరుశనగ నూనెలో ముంచి, బండి వెనక కర్రకు కట్టి దుమ్ముబాటలో నడిపాను. వేరుశనగ నూనె గుడ్డకే ఎక్కువ దుమ్ము పట్టింది. ఫలితం రాసి, తేదీ వేసి, కింద సంతకం కూడా పెట్టాను.

"తినే నూనె కదన్నా," అన్నాడాయన, కొంచెం ఆలోచించి.

"నువ్వు తింటావు, ఇంజను తినదు," అన్నాను. నవ్వి ఊరుకున్నాడు. ఆ రోజు నుంచి రెండు స్పాంజిలకూ వేరుశనగ నూనే.

మా మధ్య మొదటి పొరపొచ్చం ఆయుధపూజకు వచ్చింది. వాళ్ళమ్మ ఆయన బండి హ్యాండిల్‌కు నిమ్మకాయ, నాలుగు మిరపకాయలు దారానికి గుచ్చి కట్టింది. ఆ ఆదివారం దాన్ని చూసి నా ఒళ్ళు మండింది. మూఢనమ్మకాల మీద నా ఉపన్యాసాలకు నాతో పాటు ఊరూరా తిరిగేవాడు, దిష్టి నిమ్మకాయ కట్టుకుని తిరుగుతాడా? తెంపెయ్యమన్నాను.

"అమ్మ కట్టింది. దాంతో బండి ఎక్కువ పోదు, తక్కువ పోదు. నాకూ తెలుసు, నీకూ తెలుసు. తెంపితే మాత్రం ఆమెకు ముద్ద దిగదు. ఉండనీలే అన్నా."

ఉండనివ్వలేదు నేను. చేతితో తెంపలేదు, మనసులో పెట్టుకున్నాను. దానికి సమయం జూన్‌లో వచ్చింది.

తొలివాన పడిన మూడో రోజు. రెండు రోజుల్లో విత్తనం వేయాలి, ఈ ఆదివారం ఒక్కసారి ఎక్కేసి వద్దామన్నాడు. ఆయన ముందు, నేను వెనక. సగం ఎత్తులో ఆయన బండి గొంతు మారింది. సన్నగా, గీరుకుంటున్నట్టు ఒక కూత. తర్వాత వెనక చక్రం ఒక్కసారిగా నిలిచిపోయింది. బండి పక్కకు జారి, ఆయన ఎడమ చేతి మీద పడింది. నేను బండి పైకెత్తేసరికి మణికట్టు వంకర తిరిగి ఉంది. ఆయన అరవలేదు. "ఇంజను పట్టేసినట్టుండాది, చూడు" అన్నాడు. చేతికి పట్టీ కట్టారు. ఆ ఏడు ఆయన చేల్లో విత్తనం వేరేవాళ్ళు వేశారు, ఆయన గట్టు మీద కూర్చుని చూశాడు.

మెకానిక్ భాయి ఇంజను విప్పాడు. పిస్టన్ మీద పైనుంచి కిందికి గోళ్ళతో రక్కినట్టు గీతలు. నేను చూడగానే అనేశాను, ఆయిల్ పోయలేదని. భాయి గీతల మీద వేలితో రుద్ది చూశాడు. ఆయిల్ తక్కువైనా ఇట్లే గీసుకుంటుంది, వేరే కారణమైనా ఇట్లే గీసుకుంటుంది, నేనింకా అంతా చూడలేదు సాబ్ అన్నాడు. భాయి చెప్పినదాంట్లో మొదటి సగమే నా చెవికి ఎక్కింది.

ఆయన పట్టీ చేత్తో బల్ల మీద కూర్చుని ఉన్నాడు. "పోసినానన్నా. గీత దాకా పోసినా. గీత నువ్వు గీసిందే కదా."

"గీసింది నేనే. పోసింది నేను కాదు."

అది జవాబు అనుకున్నాను నేను. వేదిక మీద ఇలాంటి మాటలకు చప్పట్లు పడతాయి. షెడ్డులో ఎవరూ కొట్టలేదు. ఆయన తల తిప్పుకున్నాడు.

నేను గదికి వచ్చి వ్యాసం రాశాను. హ్యాండిల్‌కు దిష్టి నిమ్మకాయ కట్టుకోవడం మరవని చెయ్యి ట్యాంకులో ఆయిల్ పోయడం మరిచిందని, నమ్మకం పెరిగిన చోట జాగ్రత్త తగ్గుతుందని, మూఢత్వం మనిషి ఎముకలు విరిచే దాకా వదలదని. ఇప్పుడు చదివినా వాక్యాలు పదునుగానే ఉంటాయి. ఎవరి పేరూ రాయలేదు. నడుమెత్తు సైలెన్సర్లు రెండున్న బండి అని రాశాను. అలాంటి బండి మా చుట్టుపక్కల ఒక్కటే ఉందని నాకు తెలుసు.

నెలకో ఆదివారం సాయంత్రం జరిగే మా హేతువాద సంఘం సమావేశంలో దాన్ని చదివాను. ఆయనా వచ్చాడు, వెనక వరసలో, కర్పూరం రోజు కూర్చున్నట్టే. మా పద్ధతి ప్రకారం చదవడం అయ్యాక అధ్యక్షుడు అడిగాడు, కాదనేవారెవరైనా ఉంటే పది నిమిషాలు తీసుకోవచ్చని. ఆయన లేవలేదు. నేను ఆయన వైపే చూస్తూ నిలబడ్డాను. ఆయన నన్ను చూశాడు, తర్వాత నేల చూశాడు, తర్వాత లేచి బయటికి పోయాడు. మౌనం అర్ధాంగీకారమని పక్కనున్నవాళ్ళతో అన్నాను కూడా. వ్యాసం మా చిన్న పత్రికలో వచ్చింది. రెండేళ్ళకు నా వ్యాసాల పుస్తకంలో చేరింది. ఆ పుస్తకంలో జనానికి బాగా నచ్చింది అదే.

మా మండలంలో అది ఎలా చేరిందో టీ అంగడి దగ్గర చూశాను. ఆయన సైకిలు దిగి టీ అడిగితే అంగడివాడు గ్లాసు కడుగుతూ అడిగాడు, "ఏమప్పా, ఈ పొద్దు ఆయిల్ పోసుకున్నావా, నిమ్మకాయ పెట్టుకొని వచ్చినావా?" బెంచీ మీదున్న నలుగురూ నవ్వారు. ఆయన సైకిలు మళ్ళీ ఎక్కాడు. నేను రోడ్డుకు అవతల ఉన్నాను. నా రచన పల్లెల దాకా చేరిందని ఆ క్షణాన సంతోషించాను. ఇది దాచుకోవలసిన విషయమే, అయినా రాస్తున్నాను.

తర్వాత ఆదివారాలు ఒక్కడినే ఎక్కాను. ఆయన రాలేదు, నేను పిలవలేదు. పానాలన్నీ నా దగ్గర, గాలి పంపు ఆయన దగ్గర. పంపు అడగడానికి నాకు నామోషీ. కొత్తది కొంటే ఇక ఆయన రాడని నేనే ఒప్పుకున్నట్టు అవుతుందనుకున్నానో ఏమో, అదీ కొనలేదు. మూడుసార్లు పంక్చరై కొండ దగ్గర నుంచి రోడ్డు దాకా బండిని నెట్టుకుంటూ వచ్చాను. ఎండలో, ఎర్ర దుమ్ములో, నా చెప్పుల చప్పుడు వింటూ. గొర్రెల కాపరి ఒకాయన ప్రతిసారీ ఎదురై, ఇంకో అయ్యోరు యాడ అని అడిగేవాడు. ఆయనకు మేమిద్దరమూ అయ్యవార్లమే. పని ఉందని చెప్పేవాణ్ణి.

పాత బండిని ఒంటరిగా చూసుకోవడమంటే ఏమిటో అప్పుడు తెలిసింది. ప్లగ్గుకు నిప్పు అందించే పాయింట్ల సందు సరిచేయాలంటే ఒకరు చక్రం తిప్పాలి, ఒకరు వంగి చూడాలి. నేను అద్దం ముక్కను ఇటుకకు ఆనించి, అందులో చూస్తూ, ఎడమ చేత్తో తిప్పుకుని, కుడి చేత్తో మర బిగించేవాణ్ణి. బిగించే లోగా చక్రం కదిలిపోయేది, మళ్ళీ మొదలు. సైలెన్సర్ విప్పి లోపలి మసి కాల్చేటప్పుడు అటుకొసన పట్టుకునేవాళ్ళు లేక గుంజకు కట్టేవాణ్ణి. నోట్‌బుక్ మాత్రం మానలేదు. ప్రతి వారం నిలువు గీత గీసి ఎడమవైపు నింపేవాణ్ణి. కుడివైపు ఖాళీ. ఒకవైపే రాసుకుంటే పోల్చడానికి ఏముంటుంది? గీత గీయడం మానేయవచ్చు. మానలేదు.

నా స్పాంజికి వేరుశనగ నూనె పూస్తూనే ఉన్నాను. నా బండి బాగానే నడుస్తూ ఉంది. నా సిద్ధాంతానికి అది నిదర్శనం అనుకున్నాను.

రెండువేలు దాటిన కొన్నేళ్ళకు నా అద్దెగది కూలిపోయే దశకు వచ్చి, అదే ఊళ్ళో వేరే ఇంట్లో చేరాను. ముందు గదిలో ఇంటివాళ్ళు వేరుశనగ విత్తనం కాయల మూటలు పెట్టుకుంటారు, బండి కూడా అక్కడే పెట్టుకోమన్నారు. వేసవి సెలవులకు అనంతపురం పోయి, బడి తెరిచే ముందు తిరిగి వచ్చాను. కిక్కు కొడితే బండి స్టార్టయింది కానీ గొంతు వేరేలా ఉంది. సన్నగా, గీరుకుంటున్నట్టు. యాక్సిలరేటర్ తిప్పకుండానే ఇంజను పరుగు తీస్తోంది. ఆ కూత నేను ఇంతకు ముందు ఒకసారి విన్నాను. వెంటనే ఆపేసి, ఫిల్టర్ డబ్బా మర విప్పి మూత తీశాను.

స్పాంజి సగం లేదు. మిగిలిన సగం అంచులు చిన్న చిన్న పళ్ళతో కొరికినట్టు ఉన్నాయి. డబ్బా మూల గోనెపీచు, కాయల పొట్టు, ఎలుక పెంటికలు. తినే నూనెకు ఎలుకలు వచ్చాయి, దుమ్మును ఆపే స్పాంజిని తినేశాయి. ఇక గరుసు నేరుగా ఇంజనులోకి. గాలి ఎక్కువై ఇంజను కాగిపోతుంది, దుమ్ము పిస్టన్‌ను రక్కేస్తుంది. ఆయిల్ ఎంత కలిపినా ఆగదు.

ఆయన బండి ఎప్పుడూ వాళ్ళింటి వసారాలో కాయల మూటల పక్కనే ఉండేది. ఎన్నిసార్లు చూశానో. వాళ్ళమ్మ అక్కడే ఎలుకబోను పెట్టేది, జాగ్రత్త అయ్యోరా కాలు పెట్టేవు అని నాతో అనేది. నా పాత గదిలో కాయలు లేవు, ఎలుకలు లేవు. నా ప్రయోగంలో దుమ్ము ఉంది, గుడ్డ ఉంది, తేదీ ఉంది, సంతకం ఉంది. ఎలుక లేదు. తినే నూనె కదన్నా అని ఆయన ఆ రోజే అన్నాడు. నేను దాన్ని ఎగతాళి చేశాను. పిస్టన్ విప్పాక కూడా రెండు మరలు తిప్పి డబ్బా మూత తీసి ఉంటే కనిపించేది. నేను తీయలేదు. నిమ్మకాయ చూసిన కళ్ళకు ఇంకేదీ చూడవలసిన అవసరం తోచలేదు. దిష్టిని నమ్మేవాడికీ నాకూ ఆ పూట తేడా ఏమిటి? కారణం ముందే నిర్ణయించుకుని తర్వాత ప్రమాదాన్ని దానికి అతికించాం, ఇద్దరమూ.

మరుసటి ఉదయం ఆయన ఊరికి పోయాను, కొత్త స్పాంజి వేసుకుని, ఇంజనాయిల్‌తో తడుపుకుని. ఆయన వసారాలో కూర్చుని విత్తనం కాయలు ఒలుస్తున్నాడు. ఎడమ మణికట్టు ఇంకా కొంచెం వంకరే. నన్ను చూసి లేవలేదు, పొమ్మనీ అనలేదు. కాలితో ఒక పీట నా వైపు జరిపాడు. అమ్మ బాగుందా అని అడిగాను. పోయి రెండేళ్ళయిందన్నాడు. నాలుగు మైళ్ళ దూరంలో ఉన్న నాకు ఎవరూ చెప్పలేదు. చెప్పవలసినంత దగ్గరివాణ్ణని ఎవరికీ అనిపించలేదు.

సంచిలోంచి కొరికిన స్పాంజి తీసి ఆయన ముందు పెట్టాను. దాన్ని ఎత్తి, తిప్పి చూసి, మళ్ళీ నా పక్కన పెట్టాడు. లేచి, మూలనున్న తన బండి మీది గోనె తీసి, డబ్బా మూత విప్పి చూపించాడు. లోపల ఇంజనాయిల్‌తో తడిసిన నల్లటి స్పాంజి. గాలి పోయే నోటికి అడ్డంగా సన్నకన్నుల ఇనుప జల్లెడ, నాలుగు మూలలా గట్టిగా బిగించి ఉంది. ఎలుక దూరడానికి సందు లేదు.

"ఎప్పుడు చూసినావు?" అన్నాను.

"చేతికి పట్టీ కట్టిన వారానికే. ఒంటి చేత్తో విప్పినా."

"అంటే సమావేశానికి ముందే."

"ముందే."

"మరి ఆ పొద్దు లేచి చెప్పలేదేమప్పా? పది నిమిషాలు ఇచ్చినారు కదా."

ఆయన మళ్ళీ కూర్చుని నాలుగు కాయలు ఒలిచాడు. "పది నిమిషాలు నీకు చాలుతాయన్నా, నాకు చాలవు. నువ్వు కాగితం చదవకముందు ఒకసారి ఇంటికొచ్చి అడుగుతావని చూసినా. శనివారం దాకా చూసినా. నువ్వు రాలేదు. నువ్వు పూయమన్న నూనే దీనికి కారణమని అంతమందిలో చెప్తే ఏమంటావు? తప్పు కప్పెట్టుకునేదానికి నా మీద తోస్తాన్నాడని ఇంకో కాగితం రాస్తావు."

రాసేవాణ్ణే. ఆ కాగితం మొదటి వాక్యం కూడా ఎలా ఉండేదో నాకు తెలుసు.

నేను వ్యాసం రాసిన వారంలోనే ఆయన ఒంటి చేత్తో మూత విప్పాడు, కారణం కనుక్కున్నాడు, చేయి బాగయ్యాక జల్లెడ కత్తిరించి బిగించాడు. మా ఇద్దరిలో హేతువాది ఎవరో ఆ డబ్బా ముందు నిలబడితే ఎవరైనా చెప్పగలరు. తప్పు నాదేనన్నాను. క్షమించమన్నాను.

"నాకు చెప్తే ఏమొస్తాదన్నా? నాకు తెలియనిదా? నువ్వు రాసింది చదివినోళ్ళు ఉండారు కదా, వాళ్ళకు చెప్పు. ఈడ ఇప్పటికీ ఆయిల్ పోసినావా అని అడిగేవాళ్ళు ఉండారు. మా పిల్లోళ్ళు కూడా వింటాండారు."

ఆ మాట అన్నప్పుడు కూడా గొంతు పెరగలేదు. నేను లేచి బండి దగ్గరికి వచ్చాను. ఆయన వెనకే వచ్చి, అలవాటుగా వెనక టైరును బొటనవేలితో నొక్కాడు. "గాలి తక్కువుండాది" అని లోపలికి పోయి పంపు తెచ్చాడు. అదే పంపు. వంకర చేత్తో పట్టుకుని, కుడి చేత్తో కొట్టాడు. నేను కొడతానన్నా ఇవ్వలేదు. టైరు గట్టిపడ్డాక మూత బిగించి, పంపు భుజాన వేసుకుని లోపలికి తీసుకుపోయాడు. ఆదివారం వస్తావా అని అడుగుదామనుకున్నాను. అడగలేదు.

తిరిగి వస్తూ టీ అంగడి దగ్గర ఆగి, అందరూ వినేలా చెప్పాను. ఆయిల్ కలిపాడు, తప్పు నాది, నా నూనెది అని. అంగడివాడు గ్లాసు కడుగుతూనే, ఇప్పుడెందుకు సార్ ఆ పాత కత అన్నాడు. ఎగతాళికి ఏళ్ళతో పనిలేదు, దిద్దుబాటుకు మాత్రం వేళ దాటిపోతుంది. మా పత్రిక అప్పటికే మూతపడింది. సవరణ అచ్చు వేయడానికి పేజీ లేదు. పుస్తకం మాత్రం ఇళ్ళల్లో ఉంది, లైబ్రరీల్లో ఉంది. పాఠకులు ఇప్పటికీ ఉత్తరాలు రాస్తారు, నిమ్మకాయ వ్యాసం అద్భుతమని. నోట్‌బుక్‌లో ఆ ఆదివారం కూడా నిలువు గీత గీశాను. ఎడమవైపు రాశాను. కుడివైపు, ఆరేళ్ళలో మొదటిసారి, ఒక్క మాట రాశాను: జల్లెడ.

కాబట్టి ఇది చదువుతున్న మీతో నాకు పని ఉంది. ఆ పుస్తకం మీ ఇంట్లో ఉంటే ఇప్పుడే లేవండి. అలమరలోంచి తీయండి. నిమ్మకాయ వ్యాసం ఉన్న పేజీ తెరవండి. పెన్సిలు వద్దు, చెరిగిపోతుంది, పెన్ను తీసుకోండి. పైన ఖాళీ జాగాలో రాయండి: 'ఈయన ఆయిల్ కలిపాడు. రాసినవాడు డబ్బా విప్పి చూడలేదు.' రాసి, కింద మీ సంతకం పెట్టండి. ఆ వ్యాసాన్ని మీరు ఎవరికి చదివి వినిపించి నవ్వించారో వాళ్ళ దగ్గరికి పోయి ఆ పేజీ చూపించండి.